కార్డులో లేని జవాబు

జూలై 3

ఈ పుస్తకం మా ఆవిడ తను ప్రూఫులు దిద్దే ప్రెస్సు నుంచి తెచ్చింది. డమ్మీ. అట్ట వేసి, కుట్టి, లోపల అక్షరం లేకుండా వదిలేసినది. "ఊరికే పడుంది, ఏదో ఒకటి రాసుకోండి" అని నా ముందు పెట్టింది. వెటకారమో, మతిమరుపో తెలియదు. నా భార్యకు వినికిడి పోయాక నేను రాయడం మానేశానని ఆవిడకు తెలియదా? అంతకుముందు ఒక సీను ఆవిడకు చదివి వినిపించాకే రెండో సీను మొదలుపెట్టేవాడిని. వినేవాళ్లు లేని ఇంట్లో నాటకం ఎవరికోసం రాయాలి?

సరే. ఇది నాటకం కాదు, డైరీ. దీన్ని ఎవరూ వినక్కర్లేదు. మధ్యాహ్నం బెల్లుకీ రెండో బెల్లుకీ మధ్య స్టాఫ్‌రూములో నలభై నిమిషాలుంటాయి. సైన్స్ మేడమ్ గురక పెడుతుంది. నేను రాసుకుంటాను. రిటైరవడానికి ఇంకా తొమ్మిది నెలలు.

జూలై 4

మళ్లీ గొడుగాయన పాఠం వచ్చింది. మా ఊరి నాటకశాలకు నాటకాలు రాసినాయన, పోయి ఎనభై ఏళ్లు దాటింది. మిగిలిన ఒకే ఒక్క ఫొటోలో చేతిలో గొడుగు ఉంటుంది కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టేశారు. తొమ్మిది నాటకాలు రాశాడు. యాభయ్యో ఏట కలం పక్కన పెట్టాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు బతికి, ఒక్క పంక్తి రాయకుండా పోయాడు.

ఈ పాఠాన్ని నేను పాఠంలా చెప్పను. ముఖాముఖి చేయిస్తాను. చేతులున్న పాత కుర్చీ ఒకటుంది, ఒక కాలు పొట్టి, కింద మడతపెట్టిన కాగితం పెట్టాలి. ఒక పిల్లో పిల్లాడో అందులో గొడుగాయనగా కూర్చుంటారు. మిగతావాళ్లు విలేఖరులు. కూర్చున్నవాళ్ల చేతిలో కార్డు ఉంటుంది, గొడుగాయన గురించి ఆధారమున్న సంగతులు మాత్రమే అందులో ఉంటాయి. నియమం ఒక్కటే: కార్డులో లేనిది అడిగితే "ఆ సంగతి నాకు గుర్తులేదు" అనాలి. సొంతంగా అల్లకూడదు. పోయినవాళ్ల నోట్లో మాటలు పెట్టడం దొంగతనమని ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను.

ఈ ఏడు దీన్ని పోటీగా మార్చారు. ఆగస్టు తొమ్మిదిన హాల్లో. మొదటి స్థానం వచ్చినవాళ్లకు నాటక కళాశాలలో ప్రవేశపరీక్ష లేకుండా సీటు. బడికి ఒక్కటే సీటు. మార్కులు వేసేది నేనొక్కడినే. పేరు పన్నెండో తేదీ సాయంత్రానికి వెళ్లిపోవాలి.

జూలై 6

చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ పెట్టుకుని తిరిగే పిల్ల ఉంది. క్లాసంతా పెన్సిల్ అనే పిలుస్తారు, నాకూ అదే అలవాటైంది. మూడేళ్లుగా ఆ కళాశాల గేటు ముందునుంచి నడవడానికే చుట్టుదారిన బడికి వస్తుందట. ఈసారి సీటు రాకపోతే మేనమామ కుట్టుమిషన్ల షాపులో కూర్చోబెడతామని ఇంట్లో తేల్చి చెప్పేశారట.

ఇవాళ కుర్చీ ఎక్కింది. ఎక్కగానే ముసలాయన అయిపోయింది. వెన్ను వంచలేదు, గొంతు మార్చలేదు, ఊరికే నెమ్మదించింది, అంతే. ఎవరికీ నవ్వు రాలేదు. నాకు కొంచెం కుళ్లు కూడా వచ్చింది, ఎందుకు దాచాలి.

అప్పుడు లాయరు లేచాడు. (వాడూ నా క్లాసే. ప్రతి మార్కుకూ వాదిస్తాడు కాబట్టి లాయరు.) "అయ్యా, తమరు రాయడం ఎందుకు మానేశారు?" అని అడిగాడు. పెన్సిల్ కార్డు చూసి చదివింది: "నా భార్యకు వినికిడి పోయింది. ఆమె వినలేని నాటకం నేను రాయలేను."

చదివి ఆగిపోయింది. గొడుగాయన మాయమై పెన్సిల్ తిరిగొచ్చింది.

"సార్, ఇది ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది కదమ్మా."

"పుస్తకానికి ఎవరు చెప్పారు సార్?"

క్లాసు గొల్లుమంది. "ముందు దిగి కూర్చో" అన్నాను.

ఎవరు చెప్పారో నాకు తెలుసు.

జూలై 7

రాసేస్తే పోతుంది.

పదహారేళ్ల కిందట ఆ కుర్చీలో కూర్చోవలసిన పిల్లాడికి జ్వరం వచ్చింది. నేనే కూర్చున్నాను. ముందు బెంచీలో ఒక బుద్ధిమంతుడు ఉండేవాడు, అడిగాడు, రాయడం ఎందుకు మానేశారని. గుర్తులేదు అనాలి. అనబోయాను కూడా. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. నా భార్యకు వినికిడి పోయింది, ఆమె వినలేని నాటకం నేను రాయలేను. కిటికీ దగ్గర ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంది. నా మాటకు ఎవరైనా కళ్లు తుడుచుకున్నది నా జన్మలో అదొక్కసారే.

అది అబద్ధమని ఆ పూటే చెబుదామనుకున్నాను. బెల్లు కొట్టేశారు.

ముందు బెంచీ బుద్ధిమంతుడు ఇప్పుడు పాఠ్యపుస్తకాల కమిటీలో పెద్ద మనిషి. నాలుగేళ్ల కిందట కొత్త పుస్తకం పంపాడు. గొడుగాయన పాఠం అతనే తిరగరాశాడు. లోపల చీటీ: "మీరు చెప్పిందే సార్. మాట కూడా మార్చలేదు." ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లలేదు. స్టాఫ్‌రూము బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడది పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. ఏటా వేలమంది పిల్లలు నా భార్య చెవుల గురించి రాసి నాలుగు మార్కులు తెచ్చుకుంటున్నారు.

నా భార్య కాదు. ఆయన భార్య.

జూలై 8

ఎవరికి నష్టం? పోయినవాళ్లకి మంచి పేరే వచ్చింది కదా.

జూలై 16

ఆదివారం. ఆవిడ భోజనాల బల్ల మీద ప్రూఫులు పరుచుకుని దిద్దుతోంది. చెవి మిషన్ డబ్బాలోనే ఉంది. ఇంట్లో పెట్టుకోదు. కుక్కర్ కూత తప్ప వినదగ్గదేమీ ఈ ఇంట్లో లేదంటుంది. పెదాలు చూసి మాట పట్టేస్తుంది. నేను కిటికీలోకి చూస్తూ ఏదో అన్నాను.

"ఇటు తిరిగి మాట్లాడండి. నేను గోడ వెనక లేను."

ఇటు తిరిగాను. ఏమన్నానో నాకే గుర్తులేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఆవిడ ఒక మాటను కొట్టేసి దాని కింద వరసగా చుక్కలు పెడుతుంటే అదేమిటని అడిగాను.

"తొందరపడి కొట్టేశాను. ఉండాల్సిన మాటే. ఇలా చుక్కలు పెడితే కొట్టివేత చెల్లదని, అలాగే ఉంచమని కంపోజింగ్ వాళ్లకి అర్థమవుతుంది."

"అంత సులువా?"

"చుక్కలు సులువే. కొట్టేసినవాళ్లే పెట్టాలి, అదే కష్టం" అని మళ్లీ తల వంచేసింది.

ముప్పై ఏళ్లుగా ఊళ్లో వాళ్ల తప్పులన్నీ దిద్దుతోంది. ఇంట్లో మాత్రం నన్ను ఒక్క మాట అనదు. అదే నాకు ఒళ్లు మంట.

జూలై 21

నా మూడో నాటకం ఫైలు దొరికింది. అటక మీద, పాత పరుపు కింద. సగంలో ఆపేసింది. ఆపిన చోట తేదీ వేసుకున్నాను. ఆ ఫైలులోనే నాటకసంఘం వాళ్ల ఉత్తరం, నా రెండో నాటకం "ప్రస్తుతానికి మాకు పనికిరాదు" అని. ఆ "ప్రస్తుతానికి" అనే మాట ఎవడు కనిపెట్టాడో.

కింద ఆవిడ చెవుల పరీక్ష కాగితాలున్నాయి. మొదటి పరీక్ష తేదీ చూశాను. నేను ఆపేసిన తేదీకి రెండేళ్ల ఏడు నెలల తర్వాత.

ఫైలు మీద తేదీ తప్పు వేసుంటాను.

జూలై 26

ఇవాళ పెన్సిల్ స్టాఫ్‌రూముకి వచ్చింది. నా టిఫిన్ డబ్బా పక్కకు జరిపి కాగితాలు పరిచింది. గ్రంథాలయంలో పాత నాటకశాల కరపత్రాలు కట్టలు కట్టి ఉన్నాయట. మూడు శనివారాలు కూర్చుని తిరగేసిందట.

"కింద చిన్న అక్షరాలు చూడండి సార్. ప్రాంప్టర్ అని."

గొడుగాయన భార్య పేరు. పక్కనే ఆయన పేరు కూడా, ఫలానావారి భార్య అని. మరొకరు అనుకోవడానికి సందు లేకుండా.

"ఆయన రాయడం మానేశాక పదకొండేళ్లు సార్. ప్రతి కరపత్రంలోనూ ఆవిడే. తెర వెనక నిలబడి, ఎవరు మాట మర్చిపోతే వాళ్లకి అందించాలి కదా. చెవులు వినపడకపోతే ప్రాంప్టింగ్ ఎలా చేస్తుంది సార్?"

పాత కరపత్రాల్లో తప్పులుంటాయన్నాను. మా ఆవిడ ఇదే పనిలో ఉంది, నాకు తెలుసన్నాను. పదకొండేళ్లపాటు ఒకే తప్పా అని ఆ పిల్ల అడగలేదు. అడిగినంత పని చూపుతోనే చేసింది.

"పుస్తకం వాళ్లకి ఉత్తరం రాద్దామా సార్? మీరు సంతకం పెడితే చదువుతారు."

"ముందు పోటీ అవనీ. ఎవరితోనూ అనకు."

"ఆవిడకి చెవుడు అంటగట్టినవాళ్లు ఎవరో దొరికితే బాగుండు సార్" అంది వెళ్తూ వెళ్తూ. నవ్వుతూనే అంది. టిఫిన్ అలాగే మూతపెట్టేశాను.

జూలై 28

మార్పులు చేశాను. గొడుగాయనగా లాయరు కూర్చుంటాడు. పెన్సిల్‌కి ఆయన భార్య పాత్ర. కొత్త పాత్ర, కొత్త కార్డు, పాఠానికి నిండుదనం వస్తుంది. వినపడని మనిషి కాబట్టి విలేఖరులు ప్రశ్నలు పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తారు. నాలుగే ప్రశ్నలు, కార్డులో నాలుగే జవాబులు. చివరిది: "గర్వంగా అనిపించింది."

ముఖ్య అతిథిగా బుద్ధిమంతుడే వస్తున్నాడు. ఆయన ముందు ఆ పిల్ల కరపత్రాలు విప్పితే ఎవరికి పరువు తక్కువ? ఆ పిల్లకే. తొందరపాటు పిల్ల అనుకుంటారు, సీటు పోతుంది. ఇదంతా ఆ పిల్ల మంచి కోసమే చేశాను.

ఆగస్టు 1

కార్డు ఇచ్చాను. చదువుకుంది. "సరే సార్" అంది. అంతే. నాకది నచ్చలేదు.

ఆగస్టు 5

ఆహ్వానపత్రం సంచిలోంచి జారి ఆవిడ కంట పడింది.

"నేనూ వస్తాను."

ఇన్నేళ్లలో బడి గడప తొక్కని మనిషి. వార్షికోత్సవానికి రమ్మంటే, గుంపులో పెదాలు చూడటం తన వల్ల కాదనేది. ఇప్పుడేమొచ్చిందని అడిగాను.

"ప్రశ్నలు పలక మీద రాస్తారని వేశారుగా. జవాబు చెప్పే పిల్ల జనం వైపు తిరిగే చెబుతుంది. నాకు మొత్తం అర్థమవుతుంది. ఎవరో గానీ బాగా ఆలోచించారు."

"ఎండగా ఉంటుంది."

"హాల్లో ఎండేమిటి?"

"పిల్లల గోల."

ఆవిడ నా మొహంలోకి చూసి పకపకా నవ్వింది. "గోలా? నాకా?"

నిజమే, నేను చేసిన ఏర్పాటు సరిగ్గా ఆవిడకే అమరింది. ఇరవై ఏళ్లలో నా భార్యకు పూర్తిగా అర్థమయ్యేలా నేను తయారుచేసిన మొదటి నాటకం ఇదే.

ఆగస్టు 9

సాయంత్రం ఆరు. ఇంట్లోనే, వరండాలో రాస్తున్నాను. ఆవిడ లోపల ప్రూఫులు దిద్దుతోంది.

హాలు నిండింది. ఆవిడ మూడో వరసలో, నడవ పక్క కుర్చీలో. మెడ చాపి కూర్చుంది, చిన్నపిల్లలా. లాయరు గొడుగు పట్టుకుని బాగానే చేశాడు. అరిచాడు, చేతులు ఊపాడు, కార్డు దాటలేదు. యాభైకి ముప్పై ఎనిమిది వేశాను.

తర్వాత పెన్సిల్. చెవి మీద పెన్సిల్ లేదు. జుట్టు ముడి వేసుకుంది. కుర్చీలో వెనక్కి ఆనలేదు, అంచున కూర్చుంది, ఏ క్షణమైనా లేచి ఎవరికో సాయం పట్టాలన్నట్టు. విలేఖరులు పలక ఎత్తారు. పెళ్లి ఎప్పుడయింది, మొదటి నాటకం ఎక్కడ ఆడారు, ఆయనకు కోపం ఎక్కువా. మూడింటికీ కార్డులో ఉన్నదే చెప్పింది. ఉన్న ముక్కలే. ఆ పిల్ల నోట్లో అవి నిజంగా ఒక ఇల్లాలి మాటలయ్యాయి. నలభై ఆరు వేశాను. అంతకంటే ఎప్పుడూ ఎవరికీ వేయలేదు.

నాలుగో ప్రశ్న విలేఖరి అడగాలి. బుద్ధిమంతుడు ముచ్చటపడి తానే లేచి, పలక అందుకుని, సుద్దతో రాసి జనమంతా చూసేలా పైకెత్తాడు. "మీవారు మీ కోసమే రాయడం మానేశారు. అది తెలిసినప్పుడు మీకేమనిపించింది?"

మూడో వరస వైపు చూడకూడదనుకుని చూశాను. ఆవిడ పలక చదివింది. తర్వాత నా వైపు చూసింది.

పెన్సిల్ కార్డు చూడలేదు. కార్డు ఒళ్లో బోర్లా పెట్టింది.

"ఆ సంగతి నాకు గుర్తులేదు" అంది.

నియమం ప్రకారం అక్కడితో ఆగాలి. ఆగలేదు.

"నాకు గుర్తున్నది చెప్తాను. ఆయన మానేశాక పదకొండేళ్లు నేను తెర వెనక నిలబడ్డాను. స్టేజీ మీద ఎవరు మాట మర్చిపోయినా నేనే అందించాను. నాకు బాగానే వినపడేది. ఇంట్లో ఆయన కూడా ఆగిపోయారు. అందించమని ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. అడిగుంటే అందించేదాన్ని. ఊళ్లో వాళ్లకి మాత్రం నా చెవులు చూపించారు."

అప్పుడు ఒకే ఒక్కరు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మూడో వరసలో. గట్టిగా, ఆగకుండా. తనొక్కతే కొడుతోందని ఆవిడకు తెలియదు. జనం తలలు తిప్పి చూస్తున్నారు. నేనెళ్లి ఆపలేను, అరిచి చెప్పలేను.

బుద్ధిమంతుడు నవ్వుతూ నా వైపు తిరిగాడు. నిజంగానే తెలియక అడిగాడు. "సార్, ఇదెక్కడిది? మీరు మాకు చెప్పింది వేరు కదా. ఏది నిజం?"

మైకు నా చేతికి ఇచ్చారు. ఒక్క మాట చాలు. పదహారేళ్లుగా ఆ ఒక్క మాటే. పెన్సిల్ కుర్చీలోంచి నా వైపు చూస్తోంది, బెదురు లేకుండా, సార్ చెప్తారులే అన్నట్టు. కరపత్రాలు చూపించింది నాకే కదా.

"కార్డులో లేని జవాబు చెప్పింది. నియమం ప్రకారం చెల్లదు" అన్నాను.

మార్కుల కాగితం మీద నలభై ఆరు కొట్టేసి పక్కన సున్నా వేశాను. నియమం నియమమే. అంతకంటే నేనేం చేయగలను?

పిల్ల కిందికి దిగి వచ్చి, "సార్, కార్డు" అని నా చేతికి ఇచ్చేసి వెళ్లింది.

ఇంటి గేటు తీస్తూ ఆవిడ అడిగింది.

"గొడుగాయన భార్యకి నిజంగానే వినపడదా?"

"పుస్తకంలో అలాగే ఉంది."

"పుస్తకాల్లో ఉన్నవి దిద్దడమే నా ఉద్యోగం" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆగస్టు 10

రేపు పెద్దమేడమ్‌తో మాట్లాడతాను, పేరు పంపేది హెడ్మిస్ట్రెస్సే కదా. పన్నెండో తేదీ దాకా టైముంది.

ఆగస్టు 11

పెన్సిల్ బడికి రాలేదు. మేనమామ షాపుకి వెళ్లిందని లాయరు చెప్పాడు. "ఊరికే చూసి రావడానికే సార్" అన్నాడు.

రేపు తప్పకుండా.

ఆగస్టు 12

పెద్దమేడమ్ ఉదయమంతా మీటింగులో ఉంది. తలుపు దాకా రెండుసార్లు వెళ్లాను. మధ్యాహ్నం తలుపు తీసే ఉంది. అప్పుడు నాకు క్లాసుంది. క్లాసు లేదు. ఖాళీ పీరియడే. సాయంత్రం తొందరగా ఇంటికొచ్చేశాను, తల నొప్పిగా ఉందని. తల నొప్పిగానే ఉంది.

ఆగస్టు 13

నిన్న రాయడం అయ్యాక ఈ పుస్తకం భోజనాల బల్ల మీద పెట్టినట్టున్నాను. అక్కడ ఆవిడ దిద్దవలసిన ప్రూఫులుంటాయి. అదే ప్రెస్సు, అదే కాగితం, అదే అట్ట. పొరపాటున పెట్టాను.

పొరపాటునే పెట్టానా?

పొద్దున తెరిస్తే ఎర్ర సిరా. మొదటి పేజీలో "నా భార్యకు వినికిడి పోయాక నేను రాయడం మానేశానని" అన్న ముక్క కొట్టేసి ఉంది. పక్కన అంచులో ఆవిడ గుండ్రటి అక్షరాలు: "తేదీలు కుదరలేదు. జూలై 21 చూడండి." జూలై 7 దగ్గర, "ఆయన భార్య" కింద గీత, పక్కన ప్రశ్నార్థకం. ఆగస్టు 9 దగ్గర "అంతకంటే నేనేం చేయగలను" చుట్టూ సున్నా చుట్టి, ఏమీ రాయలేదు. రెండు చోట్ల ఒత్తులు సరిచేసింది, పాడు అలవాటు.

ఆఖరి పేజీ అడుగున: "అక్షర దోషాలు రెండు. మిగతావి అక్షర దోషాలు కావు."

వంటింట్లోకి వెళ్లాను. నీళ్ల చప్పుడు. నా వైపు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది. పిలిచాను. పిలిచి, వినపడదని గుర్తొచ్చి, ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ ఉత్తరం వచ్చిన రోజు నాకు చూపించుంటే బాగుండేది" అంది. "పనికిరాదన్న ఉత్తరం. నాకప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడేది. మీరు పడక గదిలో ఏడుస్తుంటే విన్నాను. మీరే చెప్తారని చూశాను. రెండేళ్లు చూశాను. తర్వాత చెవులు పోయాయి, మీకు పని సులువైపోయింది."

చెయ్యి చాచి కుళాయి కట్టేశాను.

"నా సంగతి వదిలేయండి, నాకు అలవాటే. ఆ పిల్లకి సున్నా వేసి ఇంటికొచ్చి కాఫీ తాగారు చూడండి, అది నేను చూడలేకపోయాను" అంది. తడి చేతులు తుడుచుకుని ప్రెస్సుకి వెళ్లింది. ఆదివారం ప్రెస్సు ఉండదు.

ఆగస్టు 14

బడి తెరవకముందే వెళ్లాను. మార్కుల కాగితం నా కాపీ తీసి, కొట్టేసిన నలభై ఆరు కింద చుక్కలు పెట్టాను. సున్నా కొట్టేశాను. పెద్దమేడమ్ ముందు పెట్టి మొత్తం చెప్పాను. కుర్చీ, పదహారేళ్లు, కరపత్రాలు, అన్నీ. మేడమ్ వింటూనే ఉంది, కళ్లజోడు తుడుచుకుంటూ.

"ఈ చుక్కలేంటి మాస్టారూ?"

"కొట్టివేత చెల్లదని. అలాగే ఉంచమని."

"జాబితా శనివారం సాయంత్రమే పోయింది. లాయరు పేరుతో. వచ్చే ఏడు సీటు వాడి పేరున రాసేయడం కూడా అయిపోయింది, ఫోనొచ్చింది." కాగితం నా వైపు తోసింది. "వాడు మాత్రం ఏం తప్పు చేశాడు, వాడి సీటు తీసేయమంటారా? పుస్తకం మార్చడం మన చేతిలో లేదు. మీరు రిటైరయ్యే ముందు ఈ గొడవ దేనికి చెప్పండి. ఇది మీ దగ్గరే ఉంచుకోండి."

ఉంచుకున్నాను. నా కాపీలో ఆ పిల్లకి నలభై ఆరు.

క్లాసుకి వెళ్తే పెన్సిల్ వచ్చింది. వెనక బెంచీలో కూర్చుంది. చెవి మీద పెన్సిల్ ఉంది. కుర్చీ లాగి, కాలు కింద కాగితం పెట్టి, నేనే కూర్చున్నాను.

"గొడుగాయనగానా సార్?" అన్నాడు లాయరు.

"కాదు. నేనుగానే. కార్డు లేదు. అడగండి."

కాసేపు ఒకర్నొకరు చూసుకున్నారు. ఎవరో నాకు ఇష్టమైన రంగేమిటని అడిగారు. నవ్వులు. తర్వాత వెనక బెంచీలో పెన్సిల్ లేచింది.

"ఆ జవాబు ఎవరు రాశారు సార్? భార్యకి వినపడదు కాబట్టి మానేశానన్నది."

"నేనే. పదహారేళ్ల కిందట, ఈ కుర్చీలో కూర్చుని. ఆధారం ఏమీ లేదు. ఆవిడకి బాగానే వినపడేదని నువ్వు హాల్లో చెప్పిందే నిజం."

"ఎందుకు సార్?"

ఆ సంగతి నాకు గుర్తులేదు అన్న మాట నోటిదాకా వచ్చింది. ఈసారి మింగేశాను.

"నా నాటకం ఒకటి వెనక్కి వచ్చింది. చేతకాక మానేశాను. చేతకాలేదని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఇంట్లో మా ఆవిడ చెవులు దొరికాయి."

నలభై మంది నన్నే చూస్తున్నారు. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. పెన్సిల్ "సరే సార్" అని కూర్చుంది. ఆ పిల్ల మొహంలో గెలిచిన సంతోషం కోసం వెతికాను. అలసట తప్ప ఏమీ కనిపించలేదు. వచ్చే వారం నుంచి షాపులో కూర్చుంటుందట, సాయంత్రాలు.

లాయరు చెయ్యెత్తాడు. వాడికి నిజంగానే అనుమానం.

"అయితే పరీక్షలో ఏది రాయాలి సార్?"

నలభై కలాలు పైకి లేచాయి. పేపర్లు దిద్దేది నేను కాదు. ఎక్కడో ఎవరో పుస్తకం పక్కన పెట్టుకుని దిద్దుతారు. నిజం రాసినవాళ్లకి నాలుగు మార్కులూ పోతాయి. ఒక్కరికి పోగొట్టింది చాలు.

"పుస్తకంలో ఉన్నదే రాయండి" అన్నాను.

తలలు వంచి రాసుకోవడం మొదలుపెట్టారు. క్లాసంతా కాగితం మీద కలాల గీకుడు. వెనక బెంచీలో పెన్సిల్ కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత చెవి మీది పెన్సిల్ తీసుకుని తనూ రాసుకుంది.